ఎలక్ట్రానిక్ పుస్తకం: రచయితకు ఒరిగిందేమిటి?

న్యూఢిల్లీ: పాత ఢిల్లీ ప్రాకారాన్ని ఆనుకొని ఉన్న దరియాగంజ్ పేట దేశంలోని పుస్తక వ్యాపారానికి పెద్ద కూడలి. గత అర్ధ శతాబ్దిలో హిందీలో పేరు మోసిన నవలలు, కవితా సంపుటాలు అనేకం ఈ పేటలోని అన్సారీ రోడ్డు నుంచి, దాని ఇరుగు పొరుగు వీధుల నుంచి వెలువడినవే. కాగితపు కట్టలు మోసే రిక్షాలు, అట్టపెట్టెలకు తాళ్ళు బిగించే కుర్రవాళ్ళు ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యం. 2022 మార్చిలో ఈ వీధులలో ఒక కలకలం పుట్టింది. దానికి కారకులు రాయపూర్‌లో ఇంటిపట్టున ఉండి, ఎవరి జోలికీ పోకుండా, మెల్లగా మాట్లాడే ఒక వృద్ధ రచయిత.

ఆయన వినోద్ కుమార్ శుక్ల. 1979లో వెలువడిన 'నౌకర్ కీ కమీజ్' నవలతో హిందీ వచనానికి కొత్త నడక నేర్పినవారు. 'దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ' అనే నవలకు 1999లో సాహిత్య అకాడమీ బహుమానం పొందారు. అంతటి రచయిత, ఎనభై అయిదేళ్ళ వయస్సులో, తనకు ఢిల్లీలోని రెండు పెద్ద ప్రచురణ సంస్థల నుంచి రాయల్టీగా ఏడాదికి కొన్ని వేల రూపాయలు మాత్రమే అందుతున్నవని బహిరంగంగా వాపోయారు. ఆ సంస్థలు తమ లెక్కలు సక్రమంగానే ఉన్నవని సమాధానం చెప్పుకొన్నాయి. ఆ తగవులో న్యాయాన్యాయాలు తేల్చడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కాని ఆయన ఫిర్యాదులోని ఒక అంశం అప్పట్లో రావలసినంత చర్చకు రాలేదు. తన పుస్తకాలు ఎలక్ట్రానిక్ రూపంలో అమ్ముడవుతున్నవని, అందుకు తాను ఒప్పుకొన్నది లేదని ఆయన అన్నారు.

కథ అక్కడితో ముగియలేదు. అదే 'ఖిడ్‌కీ' నవలను మరొక ప్రచురణ సంస్థ తిరిగి అచ్చు వేసింది. చేతి ఫోనులో పుస్తకాల గురించి మాట్లాడుకొనే యువ పాఠకులు దానిని నెత్తిన పెట్టుకొన్నారు. 2025 సెప్టెంబరులో రాయపూర్‌లో జరిగిన ఒక సభలో, సుమారు ఆరు మాసాల అమ్మకాలకు గాను, ఆయన చేతికి 30 లక్షల రూపాయల చెక్కు అందింది. హిందీ సాహిత్య ప్రపంచం నివ్వెరపోయింది. అదే సంవత్సరం ఆయనకు జ్ఞానపీఠం ప్రకటించారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన కన్నుమూశారు.

ఈ ఉదంతంలో ఒక విచిత్రం ఉన్నది. ఎలక్ట్రానిక్ పుస్తకం ఆయనకు ఫిర్యాదునే మిగిల్చింది. ఎలక్ట్రానిక్ లోకంలోని మాటామంతీ మాత్రం ఆయన కాగితపు పుస్తకాన్ని ఇంటింటికీ చేర్చింది. అంటే రచయితకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది పుస్తకం కాగితం మీద ఉన్నదా, తెర మీద ఉన్నదా అన్న దానిని బట్టి తేలేది కాదు. హక్కు ఎవరి పేర ఉన్నది, లెక్క ఎవరు వ్రాస్తున్నారు, తలుపు తాళం ఎవరి మొలలో ఉన్నది అన్న మూడు ప్రశ్నలను బట్టి తేలుతుంది. తెలుగు రచయితలు, వారి శ్రేయస్సు కోరే పాఠకులు ఎలక్ట్రానిక్ ప్రచురణను ఈ మూడు ప్రశ్నల వెలుగులో పరిశీలించుకోవడం అవసరం.

జమ పద్దు

ముందుగా లాభాలను చెప్పుకోవడం న్యాయం. తెలుగు రచయిత పుస్తకం ఎట్లా వేసుకొంటాడో పాఠకులకు విదితమే. చాలామంది విషయంలో ప్రచురణకర్త, పెట్టుబడిదారు, పంపిణీదారు అందరూ రచయితే. అయిదు వందల ప్రతులో, వెయ్యి ప్రతులో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవడం, ఆవిష్కరణ సభలో కొన్ని, మిత్రులకు కొన్ని పంచడం, మిగిలినవాటిని దుకాణాలకు అరువు మీద ఇచ్చి, ఆ డబ్బు కోసం నెలల తరబడి తిరగడం, చివరికి అమ్ముడు పోని కట్టలను అటక ఎక్కించడం ఇంటింటి కథ. చెన్నైలోనో, షోలాపూర్‌లోనో, భిలాయిలోనో ఉన్న తెలుగు పాఠకుడికి ఆ పుస్తకం వెలువడినట్లే తెలియదు. అమెరికాలో ఉన్నవారికి పంపాలంటే పుస్తకం ఖరీదు కంటే టపా ఖర్చే ఎక్కువ.

ఎలక్ట్రానిక్ ప్రచురణ ఈ బాధలలో సగాన్ని ఒక్క వేటుతో తొలగించింది. కాగితం కొనవలసిన పని లేదు. అటక అవసరం లేదు. పుస్తకం 'ప్రతులు లేవు' అనే స్థితి ఎన్నటికీ రాదు. ముద్రారాక్షసాలను రెండవ ముద్రణ దాకా భరించనక్కరలేదు; కనిపించిననాడే దిద్దుకోవచ్చును. ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో విదేశాంధ్రులు ఉన్నారు. 'ఈమాట' పత్రిక 1998 నుంచి కాగితంతో పని లేకుండానే తెలుగు సాహిత్యాన్ని ప్రచురిస్తూ వచ్చింది. 2010 ప్రాంతంలో 'కినిగె' తెలుగు ఇ-పుస్తకాల అంగడి తెరిచింది. 2014లో బెంగుళూరులో పుట్టిన 'ప్రతిలిపి' దేశభాషలలో ఎవరైనా వ్రాసి నేరుగా పాఠకుల ముందు పెట్టగల వేదికగా పెరిగింది. సంపాదకుడి బల్ల దాకా ఏనాడూ రాలేకపోయిన చిన్న ఊళ్ళ స్త్రీలు, ఉద్యోగులు, విద్యార్థులు ఇటువంటి వేదికల మీద కలం పట్టారు. వారు వ్రాసినదంతా సాహిత్యమా అని పెదవి విరిచేవారు ఉండవచ్చును. కాని అచ్చయినదంతా సాహిత్యమేనని కూడా ఎవరూ ప్రమాణం చేయలేరు గదా!

ఇంకొక లాభం చూపు లేనివారిది. ఎలక్ట్రానిక్ అక్షరాన్ని యంత్రం పైకి చదివి వినిపించగలదు. కాగితపు పుస్తకం ముందు అంధ పాఠకుడు ఎవరో ఒకరు చదివి పెట్టేదాకా నిరీక్షించవలసిందే. 2012లో పార్లమెంటు సవరించిన కాపీరైటు చట్టం వికలాంగులకు అనువైన ప్రతులు తయారు చేసుకొనే వెసులుబాటు కల్పించింది. 2013లో మర్రకేష్ నగరంలో ఇదే విషయమై కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను అన్ని దేశాల కంటె ముందు, 2014లో, ధ్రువీకరించినది భారతదేశమే. మన ప్రభుత్వాలను విమర్శించే సందర్భాలు పుష్కలంగా ఉన్నవి కనుక, మెచ్చుకోదగిన ఈ సంగతిని మరువరాదు.

సరిహద్దులు దాటిన అక్షరం

దక్షిణాసియాలో ఈ లాభం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీలంకలో 1981 మే 31 రాత్రి జాఫ్నా గ్రంథాలయానికి నిప్పు పెట్టినప్పుడు సుమారు 97 వేల గ్రంథాలు, వాటితో పాటు మరల దొరకని తాళపత్రాలు బూడిదైపోయాయి. ఒక జాతి జ్ఞాపకాన్ని ఒకే కప్పు కింద ఉంచితే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది. 2005లో మొదలైన 'నూలకం' అనే ఎలక్ట్రానిక్ గ్రంథాలయం శ్రీలంక తమిళుల పుస్తకాలను, పత్రికలను ఒక్కొక్క పుటగా సేకరించి, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చదువుకొనేటట్లు భద్రపరచింది. ఆ ప్రతులను ఒక్క అగ్గిపుల్లతో తగులబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఢిల్లీ సరిహద్దులోని నోయిడాలో 2013లో ఆరంభమైన 'రేఖ్తా' ఉర్దూ కవిత్వానికి చేసిన సేవ కూడా ఇటువంటిదే. లాహోరు కవి పుస్తకం ఢిల్లీ దుకాణంలో దొరకడం, లక్నో కవి పుస్తకం కరాచీ చేరడం ఏనాడూ సులభం కాదు. 2025 మే మాసంలో, పహల్గాం దురంతం దరిమిలా, పాకిస్తాన్ నుంచి వచ్చే ఉత్తరాలను, పార్సెళ్ళను భారత ప్రభుత్వం నిలిపివేసిన పిమ్మట ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. తెర మీది అక్షరానికి టపా ముద్రతో పని లేదు. అయితే ఆ మాసంలోనే, పాకిస్తాన్‌లో తయారైన చిత్రాలు, ధారావాహికలు, పాటలను ఇంటర్నెట్ వేదికల నుంచి తొలగించాలని కేంద్ర సమాచార శాఖ సూచన జారీ చేసింది. తెరకు సరిహద్దు లేదని మురిసిపోయేవారు ఈ రెండవ సంగతిని కూడా గమనంలో ఉంచుకోవాలి. తెర మీద సరిహద్దు గీయడానికి ముళ్ళకంచె అక్కరలేదు. ఒక ఉత్తరువు చాలు.

తెలుగు అక్షరానికి వచ్చిన చిక్కు

ఇక ఖర్చు పద్దు. తెలుగువారికి మొదటి నష్టం యంత్రం తెచ్చినది కాదు. మన అశ్రద్ధ తెచ్చినది. ప్రపంచ భాషల లిపులన్నిటికీ ఒకే సంకేత విధానాన్ని ఏర్పరచిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం లభించింది. కాని ఆ తరువాత కూడా దశాబ్దాల తరబడి మన అచ్చు పుస్తకాలను డి.టి.పి. కేంద్రాలు వేరు వేరు ఫాంట్లలో కూర్చాయి. కాగితం మీద ఆ అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. కాని యంత్రం దృష్టిలో అవి తెలుగు అక్షరాలే కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చిన తెలుగు బొమ్మలు. ఆ పుస్తకాన్ని ఇ-పుస్తకంగా మార్చబోతే ఒత్తులు ఎగిరిపోతాయి, గుడులు తారుమారవుతాయి. పుస్తకం మొత్తాన్ని మళ్ళీ సరిచూసుకోవలసి వస్తుంది. పుటలను ఫొటోల వలె తీసి పెడితే చదవడానికి వస్తుంది గాని, వెదకడానికి రాదు. యంత్రం పైకి చదవదు. పైన చెప్పిన అంధ పాఠకుడికి అది మళ్ళీ మూగ పుస్తకమే.

దీని ఫలితం విపణిలోనూ కనిపించింది. 2007లో అమెరికాలో కిండిల్ పరికరాన్ని ప్రవేశపెట్టిన అమెజాన్ సంస్థ, 2012లో భారతదేశంలో ఇ-పుస్తకాల అంగడి తెరిచింది. 2016 డిసెంబరులో అయిదు భారతీయ భాషలకు అందులో చోటు కల్పించింది. అవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష అయిన తెలుగు ఆ పంక్తిలో లేదు. తెలుగు కంటె తక్కువ మంది మాట్లాడే మూడు భాషలు ఆ పంక్తిలో కూర్చున్నాయి. తెలుగు జాతి గౌరవాన్ని గురించి ఉపన్యసించే మన పార్లమెంటు సభ్యులలో ఒక్కరైనా ఆ రోజుల్లో ఈ సంగతిని పట్టించుకొన్న దాఖలా ఈ ప్రతినిధి కంటబడలేదు.

అమ్మినది తిరిగి తీసుకొనే అంగడి

రెండవ నష్టం మరింత మౌలికమైనది. పుస్తకం కొన్నవాడు దానికి యజమాని అన్న భావన మనకు తాతల నాటి నుంచి ఉన్నది. ఇ-పుస్తకం విషయంలో అది చెల్లదు. పాఠకుడు కొనేది పుస్తకాన్ని కాదు, చదువుకొనే అనుమతిని. ఈ భేదం ఎంతటిదో 2009 జులైలో లోకానికి తెలిసివచ్చింది. జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని, హక్కు లేనివారు అమ్మకానికి పెట్టారన్న కారణంతో, అమెజాన్ సంస్థ కొన్నవారి పరికరాలలో నుంచి దూరాన ఉండే తుడిచివేసింది. సొమ్ము తిరిగి ఇచ్చింది. తరువాత క్షమాపణ కూడా చెప్పింది. అయినా, సర్వాధికారి పుస్తకాలను, పాత పత్రికలను మాయం చేసే లోకాన్ని ఊహించి వ్రాసిన నవలే అట్లా మాయం కావడం చూసి ప్రపంచం విస్తుపోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఇ-పుస్తకాల అంగడిని మూసివేసినప్పుడు పాఠకులకు డబ్బు తిరిగి ముట్టింది. పుస్తకాలు మాత్రం పోయాయి. కాగితపు పుస్తకాల దుకాణం మూతపడితే మన ఇంటి బీరువాలోని పుస్తకం మాయమవుతుందా?

పాఠకుడి గతి ఇట్లా ఉంటే రచయిత గతి ఏమిటి? కాగితపు పుస్తకానికి సాధారణంగా పది శాతం రాయల్టీ ఇచ్చే చోట, ఇ-పుస్తకానికి 70 శాతం ఇస్తామంటే ఎవరికైనా ఆశ కలుగుతుంది. కాని షరతులు చదవాలి. అమెజాన్ ప్రకటించిన నిబంధనల మేరకు, భారతదేశంలో జరిగే అమ్మకాలపై 70 శాతం వాటా కావాలంటే ఆ ఇ-పుస్తకాన్ని తొంభై రోజుల విడతలుగా ఆ సంస్థకు మాత్రమే అప్పగించాలి. మరొక ఎలక్ట్రానిక్ అంగడిలో పెట్టరాదు. లేకుంటే వాటా 35 శాతమే. చందా కట్టిన పాఠకులు చదివే పుస్తకాలకు 2015 జులై నుంచి మరొక లెక్క అమలులోకి వచ్చింది: పాఠకుడు ఎన్ని పుటలు తిప్పితే రచయితకు అన్ని పుటల కూలి. పుటకు ఎంత అన్నది ఆ నెల నిధిని బట్టి సంస్థే నిర్ణయిస్తుంది. నాలుగు పంక్తుల పద్యాన్ని నాలుగు రోజులు నెమరు వేసే పాఠకుడికి ఈ లెక్కలో విలువ లేదు. పుట వెంట పుట పరుగెత్తించే రచనకే గిట్టుబాటు. ప్రచురణకర్త పెత్తనం పోయిందని సంబరపడిన రచయిత, ముఖం కనిపించని మరొక పెత్తందారు వాకిట్లో నిలబడినట్లయింది.

ఇక దొంగ ప్రతుల మాట. కొత్త పుస్తకం మార్కెట్లోకి వచ్చిన వారం తిరగకుండా దాని ప్రతి ఫోన్లలో చేతులు మారడం ఇవాళ సర్వసాధారణం. పంపేవారు తాము దొంగతనం చేస్తున్నామని అనుకోరు. సాహిత్య సేవ చేస్తున్నామనే అనుకొంటారు. రచయితకు పాఠకులు వేలల్లో పెరుగుతారు, ఆదాయం మాత్రం సున్న. 'ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటు లేదు' అన్న సామెత ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. తదితర సంస్థలు కలిసి నిర్వహించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది పాత తెలుగు పుస్తకాలకు పునర్జన్మ ఇచ్చింది. పరిశోధకులు దానికి ఎంత రుణపడి ఉన్నారో చెప్పనలవి కాదు. కాని కాపీరైటు తీరిన పుస్తకాలతో పాటు తీరనివి కూడా అందులో చేరాయి. రచయిత మరణానంతరం అరవై సంవత్సరాల పాటు హక్కు అతని వారసులదేనని మన చట్టం చెబుతున్నది. ఆ వివాదాల నడుమ ఆ గ్రంథాలయపు ద్వారమే మూతపడింది. మంచి పనిని సక్రమంగా చేయకపోతే ఆ మంచి కూడా నిలవదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

చట్టం కంటికి ఆనని పుస్తకం

ఢిల్లీలో కూర్చున్నవాడికి చట్టాలు తిరగవేయడం అలవాటు. అట్లా తిరగవేసినప్పుడు ఒక ఆశ్చర్యకరమైన సంగతి కనిపిస్తుంది. మన చట్టాల దృష్టిలో ఇ-పుస్తకం ఇంకా పూర్తిగా పుస్తకం కాలేదు.

1954లో పార్లమెంటు చేసిన ఒక చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని మరి మూడు గ్రంథాలయాలకు పంపాలి. మన భాషల జ్ఞాపకశక్తిని కాపాడేందుకు చేసిన ఏర్పాటు అది. ఆ చట్టంలో 'పుస్తకం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం అచ్చు కాలం నాటిది. తెర మీదనే పుట్టి తెర మీదనే ఉండే పుస్తకాన్ని భద్రపరచే బాధ్యత దాని ప్రకారం ఎవరి మీదా లేదు. అచ్చు వేయని ఇ-పుస్తకం ఉన్న అంగడి మూతపడిననాడు ఆ పుస్తకం ఉన్నట్లు సాక్ష్యం చెప్పే గ్రంథాలయం దేశంలో ఉండదు.

పన్నుల శాఖ తీరు మరీ విడ్డూరం. 2017 జులైలో వస్తు, సేవల పన్ను వచ్చినప్పుడు అచ్చు పుస్తకం మీద పన్ను వేయలేదు. ఇ-పుస్తకం మీద 18 శాతం వేశారు. విమర్శలు వచ్చిన మీదట 2018 జులైలో దానిని 5 శాతానికి తగ్గించారు. అయితే ఆ తగ్గింపు అచ్చయిన పుస్తకపు ఎలక్ట్రానిక్ ప్రతికి మాత్రమేనని మెలిక పెట్టారు. అంటే, కాగితం మీద పుట్టినదే పుస్తకం. తెర మీద పుట్టినది ఒక 'సేవ' మాత్రమే! అచ్చు వేయించుకొనే స్తోమత లేక తెరను ఆశ్రయించిన పేద రచయిత పుస్తకం మీదనే పెద్ద పన్ను పడే పద్ధతి ఏ న్యాయానికి నిలుస్తుంది?

నిషేధానికి రెండు దారులు

రాజకీయ చైతన్యం గల పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. ప్రభుత్వానికి నచ్చని కాగితపు పుస్తకాన్ని జప్తు చేయాలంటే నేర విచారణ స్మృతి ప్రకారం ప్రకటన జారీ చేయాలి. ఏ కారణం చేత జప్తు చేస్తున్నదీ అందులో చెప్పాలి. దానిని సవాలు చేస్తూ రెండు మాసాలలోగా హైకోర్టుకు వెళ్ళే హక్కు ఉన్నది. అక్కడ ముగ్గురు న్యాయమూర్తులు కలిసి విచారించాలి. 1961లోనే, హర్నాం దాస్ కేసులో, కారణాలు చెప్పని జప్తు ఉత్తరువు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఈ ఏర్పాటు అట్లాగే ఉన్నది. 2025 ఆగస్టులో జమ్మూ కాశ్మీరు ప్రభుత్వం 25 పుస్తకాలను జప్తు చేస్తున్నట్లు ప్రకటించినప్పుడు, ఏయే పుస్తకాలో దేశానికంతటికీ తెలిసింది, చర్చ జరిగింది, వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్ళింది. నిషేధం మంచిదని కాదు. నిషేధమైనా పగటి వెలుతురులో జరిగింది.

ఎలక్ట్రానిక్ రచన విషయంలో దారి వేరు. సమాచార సాంకేతిక చట్టం 69-ఏ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం దానిని పాఠకులకు కనిపించకుండా చేయవచ్చును. 2009లో చేసిన నియమావళిలోని 16వ నియమం ఆ ఫిర్యాదులను, తీసుకొన్న చర్యలను గోప్యంగా ఉంచాలంటున్నది. 2015లో సుప్రీంకోర్టు అదే చట్టంలోని 66-ఏ సెక్షన్‌ను కొట్టివేసి వాక్ స్వాతంత్ర్యానికి మేలు చేసింది. కాని 69-ఏ జోలికి పోలేదు. కారణాలను వ్రాతపూర్వకంగా నమోదు చేయాలన్న నిబంధన ఉన్నది కనుక దానిని నిలబెట్టింది. అయితే ఆ కారణాలు రచయిత చేతికి అందకపోతే ఆయన ఏమని కోర్టుకు వెళతాడు? ఒకే రచన కాగితం మీద ఉంటే ఒక రక్షణ, తెర మీద ఉంటే మరొక రక్షణ అనడం ప్రజాస్వామ్యానికి శోభించదు.

పొరుగున బంగ్లాదేశ్ అనుభవం మరీ కఠోరం. అక్కడ ఎలక్ట్రానిక్ మాధ్యమంలో స్వేచ్ఛాలోచనకు వేదిక నిర్మించిన అవిజిత్ రాయ్‌ని 2015 ఫిబ్రవరిలో, ఢాకా పుస్తక ప్రదర్శన నుంచి వస్తుండగా, మతోన్మాదులు నరికి చంపారు. ఆయన పుస్తకాల ప్రచురణకర్తలలో ఒకరైన ఫైసల్ అరెఫిన్ దీపన్‌ను అదే సంవత్సరం అక్టోబరులో హతమార్చారు. 2018లో వచ్చిన డిజిటల్ భద్రతా చట్టం కింద నిర్బంధితుడైన ముష్తాక్ అహమద్ అనే రచయిత 2021 ఫిబ్రవరిలో జైలులోనే మరణించారు. కరోనా కాలంలో ప్రభుత్వ వైఫల్యాన్ని విమర్శించడం ఆయన నేరం. తెర రచయితను వేలమంది చెంతకు చేర్చుతుంది; వారిలో అందరూ పాఠకులే కారు.

పని పట్టిక

ఇంతకూ కర్తవ్యమేమిటి? తెరను తిరస్కరించడం తెలివి కాదు. తాళపత్రాన్ని విడిచి కాగితాన్ని పట్టుకొన్ననాడు మనకు కలిగిన లాభం తెలిసినదే. తెర కూడా అటువంటి మలుపే. అయితే తలుపు తెరిచి ఉన్నదని లోపలికి పరుగెత్తే ముందు తాళం ఎవరి దగ్గర ఉన్నదో చూసుకోవాలి.

అదృష్టవశాత్తు రచయితల చేతిలో ఒక ఆయుధం ఉన్నది. దానిని వాడుకొనేవారు బహు తక్కువ. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, రాజ్యసభలో జావేద్ అఖ్తర్ సినీ గీతకర్తల, సంగీతకారుల పక్షాన గట్టిగా పోరాడిన సంగతి పలువురికి గుర్తుండవచ్చును. ఆ సవరణలో పుస్తక రచయితలకు కూడా పనికివచ్చే ఒక వాక్యం చేరింది. ఒప్పందం కుదిరిన నాటికి లేని మాధ్యమానికి, లేదా వ్యాపార వినియోగంలోకి రాని మాధ్యమానికి, దానిని ఒప్పందంలో ప్రత్యేకించి పేర్కొంటే తప్ప, ఆ ఒప్పందం వర్తించదన్నది దాని సారాంశం. అంతకు ముందు నుంచే ఉన్న మరి కొన్ని రక్షణలూ కద్దు. హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా ఉండాలి. గడువు వ్రాయకపోతే అయిదేళ్ళుగానే భావించాలి. ఏ ప్రాంతానికో వ్రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది రచయితకు తిరిగి వస్తుంది.

మన రచయితలలో ఎందరు ఒప్పంద పత్రం అడిగి తీసుకొంటున్నారు? నోటి మాట మీద, స్నేహం మీద, మొహమాటం మీద నడిచే వ్యవహారం మనది. 'భవిష్యత్తులో కనిపెట్టబోయే సమస్త మాధ్యమాలలో, ప్రపంచమంతటా, శాశ్వతంగా' అన్న పంక్తి కింద చదవకుండానే సంతకం చేసేవారు ఎందరో! కాగితపు ముద్రణకు ఒక హక్కు, ఇ-పుస్తకానికి వేరొక హక్కు, చదివి వినిపించే శబ్ద పుస్తకానికి మరొక హక్కు అని విడివిడిగా వ్రాయించుకోవాలి. ప్రతిదానికీ గడువు ఉండాలి. ఏటా లెక్క చూపాలన్న షరతు ఉండాలి. యూనికోడ్‌లో ఉన్న మూలప్రతి రచయిత దగ్గర ఉండాలి. నూరు ప్రతులైనా సరే కాగితం మీద వేయించి గ్రంథాలయాలకు ఇవ్వాలి. ఒకే అంగడికి తన సర్వస్వాన్నీ అప్పగించరాదు.

ఇప్పుడు మరొక తగవు మొదలైంది. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి తమ వార్తలను అనుమతి లేకుండా వాడుకొన్నారని ఏ.ఎన్.ఐ. వార్తా సంస్థ 2024 నవంబరులో ఓపెన్ ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. 2025 ఆరంభంలో భారతీయ ప్రచురణకర్తల సమాఖ్య కూడా తన వాదన వినిపించేందుకు ముందుకు వచ్చింది. ఆ వాదం ఏ తీరానికి చేరినా, తన రచన మీద తనకు ఏ హక్కులు ఉన్నవో కాగితం మీద చూపలేని రచయితకు ఆ తీరంలో చోటు దొరకదు.

ప్రభుత్వాలు చేయవలసినవీ ఉన్నవి. 1954 చట్టాన్ని సవరించి ఇ-పుస్తకాన్ని జాతీయ గ్రంథాలయంలో భద్రపరచాలి. పుస్తకానికి పన్ను విషయంలో కాగితం, తెర అన్న పంక్తిభేదం తొలగించాలి. ఎలక్ట్రానిక్ రచనను అడ్డగించే ఉత్తరువు కారణాలతో సహా రచయితకు అందాలి. ముగ్గురు న్యాయమూర్తుల విచారణ దానికీ వర్తించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తాము ప్రచురించే, కొనుగోలు చేసే పుస్తకాలన్నీ యూనికోడ్‌లో ఉండాలని నిబంధన పెడితే, దాదాపు ఖర్చు లేకుండానే ఒక తరం పుస్తకాలు దక్కుతాయి. వీటిలో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు.

అన్సారీ రోడ్డులో రిక్షాలు ఇవాళ కూడా పుస్తకాల కట్టలు మోస్తూనే ఉన్నాయి. ఆ కట్టల మీద చిరునామా వ్రాసి ఉంటుంది. పంపినవారెవరో, అందుకొనేవారెవరో తెలుస్తుంది. తెర మీద ప్రయాణించే పుస్తకానికి ఆ చిరునామా ఒప్పంద పత్రమే. వినోద్ కుమార్ శుక్లకు తన శ్రమ ఫలం ఎనభై ఎనిమిదవ ఏట, మరణానికి మూడు మాసాల ముందు చేతికి అందింది. మన రచయితలు అంతకాలం ఎదురు చూడవలసిన పని లేదు. సంతకం చేసే ముందు చదివితే చాలు.